బాపట్ల పక్కన

మా అమ్మమ్మగారిది వేటపాలెం. వేసవి సెలవులివ్వగానే తెనాలిలో ప్యాసింజరు ఎక్కేసేవాళ్లం. బాపట్ల దాటిందో లేదో, పెట్టెలో ఎవరో ఒక పెద్దమనిషి "కిటికీలు దించేయండమ్మా, స్టూవర్టుపురం వస్తోంది" అనేవాడు. ఆ మాటతో పెట్టె మొత్తం సర్దుకునేది. ఆడవాళ్లు మెళ్లో గొలుసు మీదికి పైట లాక్కునేవాళ్లు. మా మామయ్య సీటు కింద సంచీ తీసి ఒళ్లో పెట్టుకునేవాడు. దొంగలెలా ఉంటారో చూద్దామని నేను కిటికీ రేకు సందుల్లో కన్ను ఆనించేవాణ్ణి. బీడీ కాలుస్తూ ఒక ముసలాయన, పాలక్యాను దింపుకుంటూ ఒకావిడ. బండి నిమిషం ఆగి కదిలేది. ఈపూరుపాలెం వచ్చేసరికి కిటికీలు మళ్లీ లేచేవి. ఎన్ని వేసవులు తిరిగామో గానీ మా పెట్టెలో ఒక్క గొలుసూ పోలేదు. ఆ సంగతి మాత్రం ఎవరూ అనేవాళ్లు కాదు.

తర్వాత కాలేజీ హాస్టల్లో నా గదిలో ఇంకొకతను ఉండేవాడు. ఏ ఊరంటే "బాపట్ల పక్కన" అనేవాడు. బాపట్ల పక్కన బోలెడు ఊళ్లు, నేనూ రెట్టించలేదు. రెండో ఏడాది ఒకరోజు వాళ్ల నాన్న రాసిన ఇన్‌లాండ్ లెటరు పోస్ట్‌మ్యాన్ నా చేతిలో పెట్టి వెళ్లాడు. వెనకవైపు పంపినవారి పేరు ఉంది, ఊరు లేదు. తపాలా ముద్ర మీద ఉంది. ఉత్తరం ఇచ్చినప్పుడు నా మొహం చూసి "చూశావా?" అన్నాడు. చూశానన్నాను. "సరే, ఎవరికీ చెప్పకు" అన్నాడు. అంతే. ఏం చెప్పకూడదో ఇద్దరికీ తెలుసు. ఆ తెలియడం గురించే ఈ వ్యాసం.

స్టూవర్టుపురం అనగానే మనకు దొంగలు గుర్తొస్తారు, సినిమాలు గుర్తొస్తాయి. ఆ ఊరు ఎలా పుట్టిందో మాత్రం మనలో చాలామందికి తెలియదు. 1913, 14 ప్రాంతంలో మద్రాసు ప్రభుత్వం ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ పెట్టింది. మామూలుగా ఊరు కట్టుకున్నట్టు ఎవరూ వచ్చి గుడిసె వేసుకోలేదు. అది సెటిల్‌మెంటు. చుట్టూ గోడ లేదు, పొలముంది, బడి ఉంది, ప్రార్థన ఉంది, రోజూ హాజరు పట్టీ ఉంది. అనుమతి చీటీ లేకుండా పొలిమేర దాటితే అరెస్టు. నా లెక్కలో దాన్ని పొలం మధ్య పెట్టిన జైలనే అనాలి. మామూలు జైలుకూ దానికీ ఒక్కటే తేడా. జైల్లో ఖైదీకి నేరమేమిటో చెబుతారు, ఎన్నాళ్లో చెబుతారు. ఇక్కడ రెండూ చెప్పలేదు.

ఈ పని చేయించిన చట్టం పేరు క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు. 1871లో ఉత్తరాదిన మొదలైంది. 1911లో తిరగరాసి మద్రాసు రాష్ట్రానికీ తెచ్చారు, 1924లో మళ్లీ సవరించారు. ఫలానా కులం పుట్టుకతోనే నేరస్థ కులం అని ప్రభుత్వం గెజిట్‌లో ప్రకటిస్తే చాలు. ఆ ప్రకటన తప్పని ఏ కోర్టూ అనడానికి వీల్లేదు, ఆ మాట చట్టంలోనే ఉంది. పేరు రిజిస్టరులో రాస్తారు, వేలిముద్రలు తీసుకుంటారు. (వేలిముద్రల ఆఫీసు ప్రపంచంలో మొట్టమొదట తెరిచింది మన దేశంలోనే, 1897లో, కలకత్తాలో.) కొన్ని నేరాల్లో రెండోసారి శిక్షపడితే ఏడేళ్లకు తగ్గకుండా జైలు, మూడోసారైతే జీవితాంతం ద్వీపాంతరం. ఆరేళ్లు దాటి పద్దెనిమిది నిండని పిల్లల్ని తల్లిదండ్రుల దగ్గర్నుంచి విడదీసి వేరే బడుల్లో పెట్టే అధికారం కూడా ప్రభుత్వానికి ఉంది. చీటీ లేకుండా బయట కనబడినవాణ్ణి వారంటు అక్కర్లేకుండా పట్టుకోవడానికి పోలీసే కానక్కర్లేదు. ఊరి మునసబు చాలు, ఊరి కావలివాడు చాలు.

ఈ ఆఖరి ముక్క దగ్గర నేను చాలాసార్లు ఆగిపోతాను. తెల్లదొర చేశాడని చెప్పుకుని మనం చేతులు దులుపుకుంటాం. ఆ చట్టం నడిచింది మునసబు చేతుల మీద, కరణం రాతల మీద. సంచార కులాలంటే ఊళ్లలో భూములున్నవాళ్లకు ఉన్న చిరాకు మీద. మనలో "దొరికితే దొంగ, దొరక్కపోతే దొర" అనే సామెత ఉంది కదా. ఇక్కడ దొరక్కముందే దొంగ. పట్టుకున్నవాడు దొర.

ఆ దొరల్లో ఒకాయన పేరే ఊరికి పెట్టారు. సర్ హెరాల్డ్ స్టూవర్ట్. మద్రాసు గవర్నరు కార్యనిర్వాహక మండలి సభ్యుడు. పేరు పెట్టించుకున్న దొరలు మనకు కొత్తేమీ కాదు కాబట్టి నేనూ ఎప్పుడూ పట్టించుకోలేదు. తీరా ఆయన చేసిన ఉద్యోగాలు వరసగా చూస్తే కథ వేరే ఉంది. 1891 జనాభా లెక్కలప్పుడు మద్రాసు రాష్ట్రానికి సూపరింటెండెంటు ఆయనే. ఏ కులంవాళ్లు ఎందరో, ఏం చేసి బతుకుతారో లెక్కగట్టి నివేదిక రాశాడు. 1904లో దేశం మొత్తానికి నేర సమాచారం పోగుచేసే కేంద్ర నిఘా విభాగం పెట్టినప్పుడు దానికి తొలి డైరెక్టరూ ఆయనే. పదేళ్లు తిరక్కుండా బాపట్ల తాలూకాలో ఒక సెటిల్‌మెంటుకు ఆయన పేరు. ముందు లెక్క, తర్వాత నిఘా, ఆ తర్వాత పొలిమేర. మూడు చోట్లా ఒకే మనిషి ఉండటం యాదృచ్ఛికమే కావచ్చు. మూడు పనులూ ఒకదాని వెంట ఒకటి రావడం మాత్రం యాదృచ్ఛికమంటే నేను నమ్మను.

ఇంతకీ ఈ ఎరుకలవాళ్లు అంతకుముందు ఏం చేసేవాళ్లు? వాళ్లలో శాఖల పేర్లు చూడండి. దబ్బ ఎరుకల, ఈతపుల్లల ఎరుకల, కుంచపూరి ఎరుకల, కరివేపాకు ఎరుకల, ఉప్పు ఎరుకల. ఒక్క పేరులోనూ కన్నం లేదు, కత్తి లేదు. అన్నీ పనులు. వెదురు చీల్చి బుట్టలల్లేవాళ్లు, మగ్గాలకు కుంచెలు కట్టేవాళ్లు, కరివేపాకు అమ్మేవాళ్లు, ఉప్పు మోసేవాళ్లు. ఇళ్లలో మాట్లాడుకునేది కుర్రు భాష, బయట ఎక్కడికెళ్తే అక్కడి భాష.

వేటపాలెంలో మా అమ్మమ్మ దగ్గరికి ఒక ఎరుకలామె వచ్చేది. అరుగు కింద కూర్చుని, కాలి బొటనవేలికీ పక్క వేలికీ మధ్య వెదురు కొస బిగించి, కత్తితో దబ్బలు తీసేది. చీల్చిన చప్పుడు సన్నగా, ఒకే తీరుగా ఉండేది. దబ్బ ఎంత పల్చగా వచ్చేదంటే ఎండకు అడ్డం పెడితే వెలుగు కనబడేది. సాయంత్రానికి చేట తయారు. అమ్మమ్మ దానికి మెంతిపిండి, నానబెట్టిన కాగితం గుజ్జు కలిపి అలికేది. డబ్బులివ్వడం నేను చూడలేదు, చేటకు బియ్యమో ధాన్యమో కొలిచేది. పెళ్లీడుకొచ్చిన మా పిన్ని చెయ్యి కూడా ఆమెకే చూపించింది, సంబంధం ఎప్పుడు కుదురుతుందో చెప్పమని. కూతురి భవిష్యత్తు ఆమె చేతిలో పెట్టిన మనిషే, ఆమె వచ్చిన రోజున వసారాలో రాగిబిందె లోపల పెట్టించేది. అమ్మమ్మ చెడ్డమనిషి కాదు. అందరూ చేసిందే చేసింది.

ఉప్పు సంగతి చెప్పాలి. ఈ తీరంలో చినగంజాం అంటే ఇప్పటికీ ఉప్పే గుర్తొస్తుంది. తీరాన పండిన ఉప్పును పెరిక ఎద్దుల మీద, గాడిదల మీద ఎత్తుకుని లోపలి జిల్లాలకు తీసుకెళ్లడం, అక్కణ్నుంచి ధాన్యం తేవడం ఉప్పు ఎరుకలవాళ్ల జీవనాధారం. దారి లేని ఊళ్లకు అదే దారి. 1805లో కంపెనీ ఉప్పును తన గుత్తాధిపత్యం కిందికి తెచ్చుకుంది. 1850ల నుంచి రైళ్లొచ్చాయి. వ్యాగను పట్టినంత ఉప్పు గాడిద మొయ్యలేదు కదా. 1876లో ధాత కరువు మొదలై రెండేళ్లు పీడించింది. 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది, వెదురు నరకాలన్నా ఎద్దుల్ని మేపాలన్నా ఫారెస్టువాళ్ల అనుమతి. ముప్పై నలభై ఏళ్లలో రోడ్డు పోయింది, సరుకు పోయింది, అడవి పోయింది. తిరుగుడు మాత్రం మిగిలింది. పని లేకుండా తిరిగేవాణ్ణి ప్రభుత్వం చూసింది, అనుమానించింది. ఆ పనిని ఎవరు తీసేశారో రిజిస్టరులో రాసుకోలేదు.

బెజవాడ, మద్రాసు రైలుమార్గం 1899లో కలిసింది. గాడిదల వ్యాపారాన్ని మింగిన ఆ రైలే ఇవాళ స్టూవర్టుపురం పక్క నుంచి పోతుంది. మేం కిటికీలు దించింది దాంట్లోంచే.

ఎరుక చెప్పడం కూడా నేరస్థుల లక్షణాల కింద జమ కట్టారు, దొంగతనానికి ముందు ఇళ్లు చూసుకోవడానికి వేసే వేషమని. ఇక్కడ నాకు నవ్వొస్తుంది. శ్రీనివాసుడి పెళ్లి కథ తెలియని తెలుగువాళ్లుండరు. పద్మావతిని చేసుకోవడానికి స్వామి ఎరుకలసాని వేషం వేసుకుని నారాయణవనం వెళ్లి ఆకాశరాజు అంతఃపురంలో సోదె చెప్పాడు. ఆ పని 1911 తర్వాత చేసి ఉంటే అనుమతి చీటీ ఏదని మునసబు ఆపేవాడు.

సెటిల్‌మెంటు నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సేవాసంస్థకు ఇచ్చారు. దీన్ని ఇండియాకు తెచ్చినాయన ఫ్రెడరిక్ టక్కర్, ఐసీఎస్ ఉద్యోగం వదులుకుని 1882లో బొంబాయిలో దిగాడు. కాషాయం కట్టి ఫకీర్ సింగ్ అని పేరు మార్చుకున్నాడు. తర్వాత వ్యవస్థాపకుడు విలియం బూత్ అల్లుడై బూత్ టక్కర్ అయ్యాడు. 1908లో గోరఖ్‌పూర్‌లో మొదటి సెటిల్‌మెంటు పెట్టారు. మన వైపు స్టూవర్టుపురంతో పాటు కృష్ణ ఒడ్డున సీతానగరంలో ఇంకొకటి. అక్కడ పొలం లేదు, రాళ్లు కొట్టే పని. నెల్లూరు జిల్లా కావలిలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ వాళ్లు ఎరుకలవాళ్ల కోసం మరొకటి నడిపారు.

పొలంలో పెట్టి మనిషిని బాగుచేయాలన్న ఆలోచన విలియం బూత్‌ది. లండన్‌లో పనిలేని పేదల కోసం 1891లో ఎసెక్స్‌లోని హ్యాడ్లీలో ఒక వ్యవసాయ కాలనీ తెరిచాడు. నేల దున్నితే బుద్ధి మారుతుందని వాళ్ల నమ్మకం. హ్యాడ్లీలో నచ్చనివాడు మూటకట్టుకుని వెళ్లిపోవచ్చు. అదే పథకం బాపట్ల చేరేసరికి గుమ్మం దగ్గర పోలీసు నిలబడ్డాడు. టక్కర్‌కు మంచి మనసు లేదని నేననను. సుఖంగా కలెక్టరు కావాల్సినవాడు కాషాయం కట్టడం మాటలు కాదు. అయితే మంచి మనసుకు తాళంచెవి ఇస్తే ఏం చేస్తుందో చూడాలంటే సెటిల్‌మెంటు చరిత్ర చదవాలి. జైలరుకైతే ఖైదీని పంపించే తేదీ ఉంటుంది. సంస్కర్తకు ఉండదు. ఇతను బాగుపడ్డాడా లేదా అన్నది ఆయన చెప్పాలి, ఆయన చెప్పేదాకా ఇతను ఉండాలి.

ఇక పొలం. సముద్రానికి దగ్గర, నీరు నిలిచే నేల. తరాలుగా తిరిగిన వ్యాపారస్థుల్ని తెచ్చి ఆ నేల మీద రైతులవమన్నారు. తిండి సరిగా గడవలేదు. అదే కాలంలో చీరాలలో పొగాకు పెరుగుతోంది. ఐఎల్‌టీడీ అనే పొగాకు కంపెనీ 1912లో ఏర్పడింది, గుంటూరు జిల్లాలో వర్జీనియా పొగాకు దానితోనే స్థిరపడింది. ఫ్యాక్టరీకి ఆకు గ్రేడింగు చేయడానికి, ఈనెలు తీయడానికి చవగ్గా, మానెయ్యకుండా పనిచేసే చేతులు కావాలి. స్టూవర్టుపురం నుంచి ఆడవాళ్లూ పిల్లలూ వెళ్లారు. పని మానేస్తే మామూలు కూలీకి పోయేది ఆ రోజు కూలి. సెటిల్‌మెంటు మనిషి మానేస్తే మేనేజరు దృష్టిలో పడతాడు, "మళ్లీ పాత బుద్ధి" అవుతుంది. ఇంత క్రమశిక్షణ ఉన్న కూలీలు ఏ ఫ్యాక్టరీకి దొరుకుతారు? సంస్కరణ ఎక్కడ ఆగిందో, కూలీల సరఫరా ఎక్కడ మొదలైందో గీత గీసి చెప్పమంటే నేను చెప్పలేను. ఆ రోజుల్లో ఎవరైనా చెప్పగలిగారా అన్నదీ నాకు అనుమానమే.

చీరాల అన్నాను కాబట్టి ఇంకో మాట. 1921లో చీరాల, పేరాల జనం మున్సిపాలిటీ పన్నులు కట్టబోమంటూ దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారి వెంట ఊరు ఖాళీ చేశారు. పొలిమేర అవతల రామనగరంలో పాకలు వేసుకుని దాదాపు పదకొండు నెలలున్నారు. మన స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో గర్వంగా చెప్పుకునే ఘట్టం, చెప్పుకోవాల్సిందే. చిన్నప్పుడు పాఠంలో చదివి నేనూ పొంగిపోయాను. సరిగ్గా ఆ నెలల్లోనే, రెండు స్టేషన్ల అవతల, చీటీ లేకుండా ఊరు దాటితే అరెస్టయ్యే జనం ఉన్నారు. ఊరు వదిలి వెళ్లిపోవడం ఒకచోట సత్యాగ్రహం, ఒకచోట నేరం. రెండింటినీ పక్కపక్కన పెట్టిన పాఠం నాకింతవరకూ కనబడలేదు. పెద్దవాళ్లలో ఈ చట్టాన్ని గట్టిగా తిట్టినవాళ్లు లేకపోలేదు. 1936లో నెహ్రూ మన నెల్లూరులోనే, ఏ జాతినీ మొత్తంగా నేరస్థ జాతి అనకూడదని, ఈ చట్టాన్ని తీసెయ్యాలని అన్నాడు.

ఇది రాస్తున్నానని తెలిసి మా బంధువొకాయన ఫోన్ చేశాడు. "అంతా బాగానే ఉంది, మరి అక్కడ దొంగలు లేరా? బ్యాంకులు కొట్టలేదా?" అన్నాడు. ఉన్నారు బాబాయ్. 1970ల్లో ఆ ఊరి పేరు చెప్పి పోలీసులకు నిద్ర పట్టని మాట నిజమే. పోగొట్టుకున్నవాళ్ల బాధా నిజమే. నేనడిగేది వేరు. మా ఊళ్లో దొంగతనం జరిగితే దొంగ కోసం వెతికేవాళ్లు. బాపట్ల చుట్టుపక్కల ఎక్కడ జరిగినా స్టూవర్టుపురం వెళ్లేవాళ్లు. చేసినా కొడతారు, చెయ్యకపోయినా కొడతారు అని పదేళ్లప్పుడే తెలిసిన కుర్రాడికి, దొంగతనం మానెయ్యమని చెప్పడానికి మీ దగ్గర ఏం కారణముంది? అది నైతిక ప్రశ్న కూడా కాదు, కిరాణాకొట్టు లెక్క. ఆ లెక్క చూసుకుని కూడా ఊళ్లో ఎక్కువమంది పొలం, కూలి, బడి, ఉద్యోగం వైపే వెళ్లారు. ఆశ్చర్యపడాల్సింది దాని గురించి.

బడి సంగతి ఒప్పుకోవాలి. సెటిల్‌మెంటులో పిల్లలకు బడి తప్పనిసరి. ఆ చదువుతో టీచర్లయినవాళ్లు, ప్రభుత్వ ఉద్యోగాల్లో చేరినవాళ్లు ఉన్నారు. నా హాస్టల్ మిత్రుడి తాత ఆ బడిలోనే అక్షరాలు దిద్దాడు. "మా తాతకి ప్రార్థనలన్నీ నోటికొచ్చు, హాజరు గంట కొట్టినప్పుడు పరిగెత్తడమూ వచ్చు, ముసలాడయ్యాక కూడా గుడిగంట వినబడితే లేచి నిలబడేవాడు" అని ఒకసారి చెప్పాడు. మంచీ చెడూ అంటూ రెండు కుప్పలు పోసి తూచడం ఆ ఒక్క మనిషిలోనే కుదరదు.

మద్రాసు రాష్ట్రంలో ఈ చట్టాన్ని 1947లో తీసేశారు. దేశమంతటా 1952 ఆగస్టు 31న పోయింది, ఆ తేదీని విముక్త దినంగా జరుపుకుంటారు. దేశంలో ఈ జాతులన్నిటికీ స్వాతంత్ర్యం అందేసరికి అయిదేళ్ల పదహారు రోజులు ఆలస్యమైందన్నమాట. అయితే ఒక చేత్తో తీసి ఇంకో చేత్తో పెట్టారు. అలవాటు నేరస్థుల చట్టాలొచ్చాయి, మన ఆంధ్రప్రదేశ్‌ది 1962లో. కులం పేరు తీసి మనిషి పేరు పెట్టారు. స్టేషన్లో సస్పెక్టు షీటు, హిస్టరీ షీటు యథాతథం. చివరికి వాళ్లకు పెట్టిన పేరు చూడండి, డీనోటిఫైడ్. నోటిఫై చేసి తీసేసినవాళ్లని అర్థం. వదిలేశాక కూడా ఆ పట్టీతోనే పిలుస్తున్నాం.

1970ల్లో నాస్తికవాది గోరాగారి అబ్బాయి లవణం, ఆయన భార్య హేమలత స్టూవర్టుపురంలో పనిచేశారు. హేమలతగారు కవి జాషువాగారి అమ్మాయి. మతం పేరు ఎత్తకుండా, తుపాకీ లేకుండా, ఇళ్లలో కూర్చుని మాట్లాడి చాలామందిని దొంగతనాల నుంచి మళ్లించారు. సెటిల్‌మెంటుకూ దీనికీ తేడా ఏమిటని అడిగితే ఒక్కటే చెబుతాను. వాళ్ల మాట వినడం ఇష్టంలేనివాడు లేచి వెళ్లిపోవచ్చు.

2018 కామన్వెల్త్ క్రీడల్లో వెయిట్‌లిఫ్టింగులో రాగాల వెంకట్ రాహుల్ 85 కిలోల విభాగంలో బంగారు పతకం గెలిచాడు. స్టూవర్టుపురం అబ్బాయి. 338 కిలోలు ఎత్తాడు. ఆ వారం నేను చదివిన చాలా వార్తల్లో ఆ 338 కన్నా ముందు ఊరి పాత కథే వచ్చింది. మెచ్చుకుంటూనే కిటికీలు దించాం.

2024 అక్టోబరులో సుప్రీంకోర్టు, సుకన్య శాంత అనే జర్నలిస్టు వేసిన పిటిషన్ మీద, జైలు మాన్యువళ్లలో కులాన్ని బట్టి పనులు పంచే నిబంధనలు కొట్టేసింది. విముక్త జాతులవాళ్లను అలవాటు నేరస్థులన్న ముద్రతో చూసే రాతలూ అందులో ఉన్నాయి. చట్టం రద్దయి డెబ్భై ఏళ్లు దాటాక కూడా జైలు పుస్తకాల్లో ఆ భాష బతికే ఉందన్నమాట. ఆ తీర్పు చదివిన రాత్రి నా పాత మిత్రుడికి ఫోన్ చేశాను. ఇప్పుడతను రిటైర్మెంటుకు దగ్గర పడ్డాడు, కూతురు బెంగళూరులో ఉద్యోగం. తీర్పు సంగతి తెలుసన్నాడు, పెద్దగా ఉత్సాహపడలేదు. మాటల్లో నా పాత వాదం బయటపెట్టాను. ఆ నిఘా దొర పేరు మోసుకు తిరగడం ఎందుకు, ఊరి పేరు మార్చమని గట్టిగా అడగొచ్చు కదా అన్నాను.

కాసేపు నవ్వాడు.

"మారిస్తే ఏమవుతుందిరా? కొత్త పేరు ఎవడికి తెలుసు? ఏ ఊరని అడుగుతారు, చెబుతాను. అదెక్కడ అంటారు. అప్పుడు 'అదేనండీ, పాత స్టూవర్టుపురం' అనాలి. ఇప్పుడైతే ఒక్కసారి చెబితే సరిపోతోంది."